ఉయ్యాలో అనేవాళ్లు

సద్దుల బతుకమ్మ నాడు మా వాడకట్టులో ఒక పద్ధతి ఉంది. ఆ ఏడు పోయిన ఆడవాళ్లను మా మేనత్త పాటలో కలుపుతుంది. రాసుకున్నది కాదు, అక్కడికక్కడే అల్లుతుంది. పోయినామె ఎవరితో కొట్లాడేదో, ఏ కూర ఉప్పగా వండేదో అన్నీ వస్తాయి, చివర్న పేరు. డప్పు లేదు, తాళం లేదు. చుట్టూ తిరిగే ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ చరణం చరణానికీ ‘ఉయ్యాలో’ అనాలి. వాళ్లు అంటేనే ఆ మనిషిని సాగనంపినట్టు. ఈ ఏడు మా అమ్మ వంతు.

బడి మానేసిన నాటి నుంచీ నేను నవ్వించడానికే పుట్టాననుకున్నారు ఊళ్లో. అమ్మ దినాల నాడు కూడా వంటవాళ్లతో పరాచికాలాడి తిట్లు తిన్నాను. లోపల ఏముందో ఎవరికీ చెప్పలేదు. ఆ పాట కోసం ఆగాను.

తీరా వెళ్తే, బతుకమ్మలు పెట్టిన చోట ట్రాక్టర్ ట్రాలీ, దాని మీద గోడంత డీజే పెట్టెలు. కేసముద్రం మార్కెట్లో మక్కలు దించి నేరుగా వచ్చినట్టుంది, ట్రాలీ అదురుకు గింజలు ఇంకా రాలుతున్నాయి. అత్త నోరు కదులుతోంది, మాట వినపడదు.

కాసేపు ఆపమని కమిటీ లీడర్‌ను అడిగాను. పెట్టిందీ బతుకమ్మ పాటేనట, పక్క ఊరికి కూడా వినపడుతోందట.

“ముసలామె గొంతు చించుకునుడెందుకు కాకా? పెట్టెల మంచిగ వస్తలేదా?”

“మంచిగనే వస్తుంది బిడ్డా. అండ్ల మా అమ్మ ఉందా, జర చూసి చెప్పు.”

నవ్వాడు. నా నోటి నుంచి వచ్చింది గనుక జోకనుకున్నాడు. ఒళ్లు మండి, వెళ్లి జనరేటర్ ఆపేశాను.

అత్త మొదటి నుంచి ఎత్తుకుంది. అమ్మ బయ్యారం నుంచి కోడలై వచ్చిన సంగతి పాడింది. చరణం ముగిసింది. ‘ఉయ్యాలో’ అన్నది ఇద్దరు అవ్వలు. మిగతావాళ్లు ఫోన్లు పట్టుకుని పెట్టెల వైపు చూస్తున్నారు. అమ్మ చేతి పచ్చడి గిన్నెల కొద్దీ తీసుకుపోయినవాళ్లే. పెట్టె పాటకు ఎగిరీ ఎగిరీ వంత పాడడమే మరిచారు. జనరేటర్‌కైతే స్విచ్ ఉంది, వీళ్లకు ఎక్కడ నొక్కాలి?

ఆ వరుసలోకి మగవాళ్లు దిగరు. నేను దిగాను. లారీ బ్రేకులాంటి గొంతుతో ‘ఉయ్యాలో’ అన్నాను. కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అత్త పాట ఆపింది.

“నవ్వుడు గాదే, అనుండ్రి. రేపు మీరు పోతే ఎవరంటరు?”

ఒకామె అన్నది. ఇంకొకామె కలిసింది. చప్పట్లు ఒక దారికి వచ్చాయి. అత్త అమ్మ పేరు ఎత్తుకుంటుండగా ఎవడో జనరేటర్ మళ్లీ తిప్పాడు. పెట్టెలు మొరిగాయి, పేరు సగంలో మునిగిపోయింది.

అత్త ఆగలేదు. మేం కొద్దిమందిమి ఆమె పెదవులు చూసుకుంటూ తిరిగాం. చరణం ఎక్కడ ముగిసిందో చూసి, తిట్టు తిట్టినట్టు ‘ఉయ్యాలో’ అని అరిచాను.