నాలుగో లైను ఖాళీ

గూడ్సు యార్డులో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తున్న యార్డు మాస్టరుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపానికి పైఆఫీసు వాళ్ల కంప్యూటరు తోడైంది. యార్డు మొత్తాన్ని తెర మీదికి ఎక్కించి, అందులో ఉత్తుత్తి బళ్లు నడిపి, ఆలస్యం ఎక్కడవుతోందో కనిపెట్టాలట. ఆ పని మీద వచ్చింది ఎవరో కాదు, స్వయానా ఆయన మరదలు.

"బావా, వచ్చిన బండి నలభై నిమిషాల్లో బయల్దేరాలి. నీకు మూడు గంటలెందుకు పడుతోంది?" అంది తెర చూపిస్తూ.

ఆయనకు ఒళ్లు మండింది. "నీ బొమ్మలో బ్రేకులు ఎవరు చూస్తున్నారు? దేవుడా?"

మర్నాడు పొద్దున్నే ఆమెను బ్రేకుల తనిఖీ మనిషి వెంట పంపాడు. యాభై ఎనిమిది వ్యాగన్లు. ఒక్కోదాని కిందికీ వంగి చూసుకుంటూ కంకర మీద నడక. తిరిగొచ్చేసరికి ఆమె ముఖం ఎండకు కందిపోయింది. "గంటన్నర పట్టింది బావా," అని లెక్క సరిచేసింది.

ఆయన మీసం మీద చెయ్యేశాడు. ఆ సంబరం మధ్యాహ్నం దాకానే. సరిచేసిన యార్డును మళ్లీ నడిపిస్తే, మిగతా ఆలస్యమంతా నాలుగో లైను దగ్గర బయటపడింది. ఎప్పుడైనా బండి చెడిపోతే పక్కన పెట్టడానికని ఆ లైనును ఆయన ఖాళీగా ఉంచుతున్నాడు. మిగతా బళ్లేమో లోపలికి రావడానికి చోటులేక బయట పడిగాపులు కాస్తున్నాయి.

"పోయినేడు ఎన్నిసార్లు అక్కరకొచ్చింది?"

"రెండుసార్లు," గొణిగాడు.

"రెండుసార్ల కోసం ఏడాదంతా ఖాళీనా?"

"తాతకు దగ్గులు నేర్పకు!" అంటూ విసురుగా ఇంటికెళ్లాడు. భార్యతో మొరపెట్టుకుంటే ఆమె చెల్లెలి పక్షమే చేరింది.

"చుట్టాలొస్తారని ముందుగదికి పదేళ్లుగా తాళమేసింది కూడా మీరేగా? పిల్లలు వంటింట్లో కూర్చుని చదువుకుంటున్నారు."

ఆయనకు అన్నం సయించలేదు. మూడో రోజు, ఎవరికీ చెప్పకుండా, నాలుగో లైనులోకి బండిని తీసుకున్నాడు. వారం తిరిగేసరికి బళ్లు వచ్చిన రెండు గంటల్లోనే కదలసాగాయి. ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

పైగా ఆ వారంలోనే చెడిన బండొకటి వచ్చిపడింది. పెట్టడానికి చోటు లేదు. యార్డంతా గందరగోళం. మరదలికి ఫోను చేసి చెడామడా తిట్టాడు. ఆమె ఓపిగ్గా విని, "అలాంటి రోజున ఏ లైను ముందు ఖాళీ చెయ్యాలో కూడా నడిపి చూద్దాం. రేపు వస్తా," అంది.

"రేపు కాదు, ఇప్పుడే రా. నా పక్కనే కూర్చుని నడుపు. తప్పు చెప్తే తిట్టడానికి మనిషి ఎదురుగా ఉండాలి."