తార్నాకలో మిలటరీ హోటలు

మా ముత్తాతగారు సంస్థానంలో దివాను. తాతగారు మూడు గ్రామాలకు కరణం. ఆయన బతికినన్నాళ్లూ మా వంటింట్లోకి ఉల్లిపాయైనా రాలేదు.

తొంభైల్లో పరీక్ష పేపర్లు దిద్దడానికి హైదరాబాదులో యూనివర్సిటీకి వెళ్లాను. పక్క కుర్చీలో దిద్దుతున్న లెక్చరర్ మల్లయ్యగారిని మెల్లగా అడిగాను, "దగ్గర్లో మిలటరీ హోటలుందా?"

"గదేంది సార్, సిపాయిలు తినేదా?"

"మాంసం వండే హోటలండీ. మావైపు పెద్దమనుషులు అలాగే అంటారు. మాంసం అనే మాట నోట రాకుండా తినివస్తారు."

ఆయన పగలబడి నవ్వాడు. "గీడ నాన్‌వెజ్ అంటం సార్. నడువుండ్రి, తార్నాకల మీ ఆంధ్రాయన హోటలున్నది."

అక్కడ యజమాని స్వయంగా మాంసం పులుసు వడ్డించాడు. ఆ ఇత్తడి గిన్నె అంచున చెక్కిన పేరు చూసి నా చెయ్యి ఆగింది. ఇంటిపేరుతో సహా మా తాతగారిదే.

"పాత సరుకండి, రాజమండ్రిలో కొన్నాను," అన్నాడు యజమాని.

మల్లయ్యగారు కూడా వంగి చదివాడు. "సార్, గిది మీ ఇంటిపేరే కదా?"

వెన్ను నిటారుగా నిలిపి, "మా ఇంటిపేరువాళ్లు చాలామంది ఉన్నారు. ఇంకో గరిటె వెయ్యవయ్యా," అన్నాను.

తాతగారు పోయాక ఆ గిన్నెనూ నాలుగు గంగాళాలనూ మా నాన్నగారు తూకానికి అమ్మేశారు.