మూడుసార్లు కనబడిన పిల్ల

సర్వే బోటు నడిపే సరంగుకి ఆ అఖాతంలోని డాల్ఫిన్ తల్లులన్నీ తెలుసు. వీపు మీది రెక్క చూసి గుర్తుపడతాడు. రెక్క సగం తెగినదాన్ని తునక అంటాడు. నీళ్లు వెచ్చబడ్డాకే అవి ఈనుతాయి. సరిగ్గా అప్పుడే షికారు బోట్లూ ఎగబడతాయి. ఆ నెలల్లో బోట్లు మెల్లగా పోవాలని ఒక నియమం ఉండేది. దాన్ని ఉంచాలా, ఎత్తేయాలా అన్నది ఈ ఏటి పిల్లల లెక్క తేల్చాలి.

వారానికి రెండు తిరుగుళ్లు. వరసగా మూడింట్లో కనబడితేనే పిల్ల పుట్టినట్టు రాస్తారు. ఆ పద్ధతి సరంగు పుణ్యమే. ఇరవై ఏళ్ల కిందట, తల్లిని వదిలి పిన్ని డాల్ఫిన్ వెంట ఈదుతున్న పిల్లను ఇంకో పిల్ల అనుకుని రెండుగా రాయించాడు. ఆఫీసంతా నవ్వింది. ఉడుక్కుని, "అయితే మూడుసార్లు చూశాకే రాద్దాం సార్" అన్నాడు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

ఈ ఏడు రిజిస్టరులో ఐదు పుట్టాయి, నాలుగు బతికాయి.

"బ్రహ్మాండం!" అంది ఆఫీసరమ్మ.

"పుట్టింది పదకొండు మేడమ్. ఆరు మూడోసారి కనబడకముందే పోయాయి."

"పుట్టినట్టే రాయనిదాన్ని చచ్చినట్టు ఎలా రాస్తాను? పద్ధతి మీదేనట కదా, సరంగుగారూ!"

నివేదిక వెళ్లింది. నియమం ఎత్తేశారు. ఆ పద్ధతి ఎందుకు చెప్పానా అని సరంగు ఇంట్లో తల బాదుకున్నాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమయ్యా?" అంది భార్య. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

సోమవారం తునక చచ్చిన పిల్లను మూతి మీద మోస్తూ కనబడింది. పిల్ల వీపు మీద బోటు పంకా రెక్కల కోతలు మూడు. గురువారమూ మోస్తూనే ఉంది. చుట్టూ షికారు బోట్లు, ఫోటోలు. మళ్లీ సోమవారానికి పిల్ల తోలు ఊడిపోతోంది. తల్లి దించలేదు. సరంగుకి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది. మూడోసారి చూసినట్టు పుస్తకంలో మూడో గీత గీశాడు.

"చచ్చినదాన్ని రాయమంటారా?" అంది ఆఫీసరమ్మ.

"మూడుసార్లు చూడాలన్నారు. బతికున్నప్పుడే చూడాలనలేదు మేడమ్."

ఆవిడ పద్ధతుల కాగితం తిరగేసింది. అందులో ఆ మాట లేదు. పెదవి కొరుక్కుంటూ రాసింది: పుట్టింది ఒకటి, చచ్చింది ఒకటి. "వచ్చే ఏటి నివేదికలో పెడదాంలే" అంది.

ఆ పిల్ల పుట్టిందని ఒప్పుకోవడానికి దాని శవాన్ని ఎనిమిది రోజులు మోయాల్సొచ్చింది. లెక్కకెక్కని ఆ ఆరింటి తల్లులు అన్ని రోజులు మోయలేకపోయాయి.