పద్దెనిమిది బ్రెడ్డులూ ఒక పెళ్ళిసంబంధమూ

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధమాడి నా పెళ్ళి నేనే చెడగొట్టుకోబోయాను. ఆ అబద్ధానికి కారణం పద్దెనిమిది బ్రెడ్డులు. అప్పుడే నవ్వకండి. నవ్వాల్సింది ముందు ముందు బోలెడుంది.

ముందు మీకు బ్రెడ్డు సంగతి చెప్పాలి. మాది తెనాలి వైపు. ఆ రోజుల్లో మా వైపు బ్రెడ్డు తిండి కాదు, మందు. జ్వరం తగిలితే కాంపౌండరు సీసాడు ఎర్రనీళ్ళు పోసిచ్చి, "రెండ్రోజులు లంఖణం. మూడోనాడు పాలూ బ్రెడ్డూ పెట్టండి" అనేవాడు. ఎవరైనా బ్రెడ్డు పొట్లం పట్టుకుని వీధిలో నడిస్తే చాలు, అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడి "అయ్యయ్యో, ఎవరికి నాయనా? ఎన్నాళ్ళనుంచి?" అని పరామర్శించేవాళ్ళు. ఒళ్ళు బాగున్నవాళ్ళు కూడా బ్రెడ్డు తింటారనీ, అదీ నవ్వుతూ తింటారనీ నాకు హైదరాబాదు వచ్చాకే తెలిసింది.

రాష్ట్రం ఏర్పడ్డ నాలుగైదేళ్ళకి నేను గుమాస్తా ఉద్యోగంలో చేరి, నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటావిడ యాదమ్మగారు. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఆవిడ, ఆవిడ భర్త, అత్తగారు, ముగ్గురు కొడుకులు, మొత్తం ఆరుగురు. కొడుకులు ముగ్గురూ పొద్దున్నే తాలీంకి వెళ్ళి కుస్తీ పట్టి వచ్చేవాళ్ళు. ఈ కుస్తీ సంగతి కాస్త గుర్తుంచుకోండి, తర్వాత నా ప్రాణం మీదికి వస్తుంది.

ఇక నా సంగతి. నాకు పొదుపు పిచ్చి. ఏ వస్తువైనా అసలు ధరకి కొంటే ఆ రాత్రి నిద్రపట్టేది కాదు. మొజంజాహీ మార్కెట్టుకి దుకాణాలు కట్టేసే వేళ చూసి వెళ్ళేవాణ్ణి. నల్లబడ్డ అరటిపళ్ళు, మెత్తబడ్డ జామకాయలు, నలిగిన టమాటాలు, అన్నీ సగం ధరకి తెచ్చుకునేవాణ్ణి. టమాటా ఎలాగూ పప్పులో నలగాల్సిందే కదా! ఆబిడ్స్‌లో విరిగిన బిస్కట్లు విడిగా తూచి అమ్మే బేకరీ ఒకటి కనిపెట్టాను. బిస్కట్టు నోట్లోకెళ్ళాక విరక్క మానుతుందా? అదే బేకరీలో సాయంత్రం నిన్నటి బ్రెడ్డు కూడా చవగ్గా ఇచ్చేవాళ్ళు. మూడేళ్ళలో ఆ బ్రెడ్డుకి ఎంత అలవాటుపడ్డానంటే, అది రోగుల ఆహారమన్న మాటే మర్చిపోయాను. కొంప ముంచింది ఆ మతిమరుపే.

అలా ఉండగా మా ఆఫీసు హెడ్డుగుమాస్తా సోమయాజులుగారు నాకొక సంబంధం తెచ్చారు. హిమాయత్‌నగర్‌లో పార్వతీశంగారని, బందరు నుంచి వచ్చి స్థిరపడ్డ పెద్దమనిషి. ఆయన కూతురు వసుంధర. పెళ్ళిచూపులకి వెళ్ళాను. ప్లేట్లో ఆఖరి బజ్జీ మిగిలిపోయింది. పారేస్తారేమోనన్న బెంగతో మాట్లాడుతూ మాట్లాడుతూ నేనే తినేశాను. తలుపు పక్కనున్న వసుంధర ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో నా పని అయిపోయింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి, లేకపోతే కాశీకి పోవాలి అనుకున్నాను.

పార్వతీశంగారు మాత్రం నవ్వలేదు. "చూడు నాయనా, నేను ఆస్తులడగను. అబ్బాయి ఆరోగ్యంగా ఉండాలి, ఉన్న ఇల్లు ఆరోగ్యంగా ఉండాలి. అంతే. వచ్చే ఆదివారం ఎగ్జిబిషన్ చూడ్డానికి అందరం నాంపల్లి వస్తున్నాం. అలాగే నీ గది కూడా చూసి, అక్కడే మాట చెప్పేస్తాను" అన్నారు.

ఆదివారం వాళ్ళకి ఏం పెట్టాలా అని వారమంతా ఆలోచించాను. శనివారం సాయంత్రం కాళ్ళు వాటంతటవే ఆబిడ్స్ బేకరీకి నడిచాయి. బేకరీ ఆయన నన్ను చూసి చేతులు చాచాడు.

"రా సాబ్, నీ కోసమే చూస్తున్న. క్లబ్బుల టీ పార్టీ ఉండె, క్యాన్సల్ చేసిన్రు. పద్దెనిమిది రొట్టెలు మిగిలినయ్. సోమారం దాంక ఉంచితే బూజు పడ్తయ్. అన్నీ తీస్కపో, పావు ధరకిస్త."

పావు ధర! నా చెవుల్లో మంగళవాద్యాలు మోగాయి. పద్దెనిమిది బ్రెడ్డులు ఏం చేసుకుంటావురా అని ఒక్క క్షణమైనా ఆలోచించానా? లేదు. యాదమ్మగారు బ్రెడ్డుతో డబల్ కా మీఠా బ్రహ్మాండంగా చేస్తారు. మామగారికి విందూ అవుతుంది, చవగ్గానూ అవుతుంది. బేకరీ ఆయన ఒక పిండిగోతంలో కూరిచ్చాడు. కూరితే మూతి కట్టడానికి కుదర్లేదు, నాలుగు బ్రెడ్డులు తలలు బయటపెట్టి దారిన పోయేవాళ్ళని చూస్తున్నాయి. రిక్షా ఎక్కితే మిగిలిన పావలా పోతుందని గోతం భుజాన వేసుకుని నడిచాను.

నాంపల్లి మలుపులో ఎదురయ్యారు సోమయాజులుగారు.

"ఏమోయ్ కామేశ్వర్రావ్, ఏమిటా మూట?" అంటూ గోతంలోకి తొంగిచూశారు. చూసి రెండడుగులు వెనక్కి వేశారు. "బ్రెడ్డా! ఇన్నా! ఎవరికోయ్ ఒంట్లో బాగాలేనిది?"

అప్పుడు చల్లగా గుర్తొచ్చింది నాకు తెనాలి. నిజం చెబుదామా? చవగ్గా వచ్చాయని పాతబ్రెడ్డు మూటకట్టుకుపోతున్నానంటే, ఈయన వెళ్ళి పార్వతీశంగారితో 'కుర్రాడు పరమ పిసినారి' అంటే? సంబంధం గోవిందా. అందుకని నోటికొచ్చింది అనేశాను.

"మా ఇంటివాళ్ళకండీ. జ్వరాలు."

"అయ్యో! ఎంతమందికీ?"

"అందరికీనండీ. ఆరుగురు. మనిషికి మూడేసి."

చూశారా, అబద్ధానికి లెక్క కూడా ఎంత కచ్చితంగా కుదిరిందో! ఆ కుదరడం చూసి నాకే ముచ్చటేసింది.

"మరి నీకు?"

"నాకేం లేదండీ. వాళ్ళకి సేవ చేస్తున్నాను. రాత్రింబవళ్ళూ పక్కనే."

సోమయాజులుగారు ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, "గొప్ప మనసోయ్ నీది" అంటూ నాకు దూరంగా వెళ్ళిపోయారు. నేను గర్వంగా ఇల్లు చేరాను.

యాదమ్మగారు గోతం చూసి బుగ్గన చెయ్యి పెట్టుకున్నారు. "ఏంది బిడ్డా గిది? బేకరీ లూటీ చేసినవా?"

"రేపు మామగారు వాళ్ళు ముగ్గురూ వస్తున్నారు పెద్దమ్మా. డబల్ కా మీఠా చెయ్యాలి."

"వచ్చేది ముగ్గురైతే పద్దెనిమిది రొట్టెలెందుకురా? సర్లే. పాత రొట్టె అయితేనే మంచిగైతది. నేతిల ఎర్రగ వేంచి, పాకంల ముంచి, పైకెంచి పాలు పోస్త. నీ మామ పళ్ళెం గూడ నాకుతడు చూడు. నువ్వేం ఫికర్ చెయ్యకు."

నేతికీ చక్కెరకీ పాలకీ నా నెల జీతంలో ఎంత పోయిందో అడక్కండి. లోభికి ఖర్చెక్కువ అని ఊరికే అన్నారా?

ఆదివారం పొద్దున పదింటికి సందు మొదట్లో పార్వతీశంగారు, ఆయన భార్య, వసుంధర కనిపించారు. నేను చొక్కా సర్దుకుని ఎదురెళ్ళాను. ఆయన ముక్కుకి జేబురుమాలు కట్టుకుని ఉన్నారు. నీలగిరి తైలం వాసన నాకు గేటు దగ్గరికే కొట్టింది. గేటుకి పది అడుగుల అవతలే ఆగిపోయి, "అక్కడే ఉండు నాయనా, ఇక్కణ్ణించే మాట్లాడుకుందాం" అన్నారు.

ఆయనకి ఎవరు చెప్పారో వేరే చెప్పాలా?

ఇంతలో యాదమ్మగారు వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చారు. "దండాలయ్యా! గాడనే నిలబడ్డరేంది? లోపల్కి రాండ్రి."

"అయ్యో తల్లీ, మీరెందుకు లేచారు? వెళ్ళి పడుకోండి" అన్నారు పార్వతీశంగారు.

"నేనెందుకు పండుకోవాలె? పొయ్యి మీద పాకమున్నది."

"పాపం, ఈ స్థితిలో వంట కూడానా! మీవారికెలా ఉంది?"

"ఆయనకేమైంది? మంచిగనే ఉన్నడు. పొద్దుగాల పది రొట్టెలు తిన్నడు."

ఆవిడన్నది జొన్నరొట్టెలు. పార్వతీశంగారు నా వైపు అనుమానంగా చూశారు. మనిషికి మూడే కదా కోటా! నేను ఆవిడకి సైగలు చేస్తున్నాను, కళ్ళు తిప్పుతున్నాను, దగ్గుతున్నాను. నా దగ్గు విని పార్వతీశంగారు ఇంకో మూడడుగులు వెనక్కి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడు వచ్చారు ముగ్గురు కొడుకులూ, తాలీం నుంచి. లంగోటాల మీద తువ్వాళ్ళు చుట్టుకుని, ఒళ్ళంతా నూనె, ఆ నూనె మీద చెమట ధారలు.

"ఆహా! చెమటలు పోస్తున్నాయి. ఇంక భయం లేదమ్మా, జ్వరం దిగుతోంది" అన్నారు పార్వతీశంగారు.

పెద్దకొడుకు ఆగాడు. "ఎవలికి సార్ జరం?"

"మీకే నాయనా. మీ ఆరుగురికీ. మంచాల మీంచి లేవటం లేదటగా. మా కామేశ్వర్రావు రాత్రింబవళ్ళూ సేవ చేస్తున్నాడటగా."

యాదమ్మగారి గరిటె గాల్లో ఆగింది. "నా ఇంట్ల జరమని ఎవడన్నడు? నా పోరగాండ్లు దవాఖాన గడప తొక్కి ఎరుగరు! గీడు మాకు సేవ జేసుడా? నెల పొడుగునా వీని చాయ్‌కి వేణ్ణీళ్ళు పెట్టేది నేను!"

ముగ్గురు పహిల్వాన్లూ నా చుట్టూ చేరారు. చిన్నవాడి అరచెయ్యి నా వీపంత ఉంటుంది. ఇక దాచి లాభం లేదనిపించింది. అసలు నిజమే మేలు, పిసినారి అన్నా ప్రాణాలతో మిగులుతాను.

"అబద్ధమాడానండీ!" అని సందంతా వినబడేట్టు అరిచాను. "ఎవరికీ జ్వరం లేదు. పార్టీ రద్దయి మిగిలిపోయిన బ్రెడ్డులు. చవగ్గా వస్తుంటే మనసాపుకోలేక మొత్తం కొనేశాను. చెప్పుకోడానికి సిగ్గేసి జ్వరాలన్నాను. నేను పిసినారినండీ!"

పార్వతీశంగారు మెల్లగా రుమాలు విప్పారు. పదమూడు అడుగులూ దాటి, గేటు తీసుకుని, నా దాకా వచ్చి, నా భుజం మీద చెయ్యేశారు. గొంతు తగ్గించి అడిగారు.

"ఎంత చవగ్గా?"

"పావు ధరకండీ."

"పావా! ఏ బేకరీ? ఎన్నింటికి వెళ్ళాలి?"

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు! వెనక నిలబడ్డ ఆయన భార్య నెత్తి కొట్టుకున్నారు. పార్వతీశంగారి ముఖం మాత్రం దీపావళి. "నేను చాదర్‌ఘాట్ అంతా తిరుగుతున్నాను గానీ ఈ ఆబిడ్స్ సంగతి నాకు తెలీదే! బంగారంలాంటి కుర్రాడు. అమ్మాయిని ఇచ్చేస్తున్నాను. తాంబూలాలు ఎప్పుడు పుచ్చుకుందాం?"

నేను ఆనందంతో గాల్లో తేలబోయాను. అప్పుడు వసుంధర నోరు విప్పింది.

"నాన్నా, ఈ సంబంధం నాకొద్దు."

మామగారు ఒప్పుకుంటే పిల్ల వద్దంటోంది!

"పుట్టాక మనింట్లో పచ్చటి అరటిపండు ఎలా ఉంటుందో నేనెరగను. వచ్చేవన్నీ నల్లవే. అత్తారింట్లోనైనా పచ్చటి పండు తిందామనుకున్నాను. మీలాంటివాళ్ళు ఒకరు చాలు నాన్నా, ఇద్దర్ని నేను భరించలేను" అంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు నిజంగా సిగ్గేసింది. అంతవరకూ పొదుపు చూసి గర్వపడ్డానే గానీ, ఇంకొకరు నా పక్కన కూర్చుని ఆ నల్లపళ్ళు తినాల్సి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

కాపాడింది మళ్ళీ యాదమ్మగారే. "ఏడ్వకు బిడ్డా. పోరడు మంచోడే, బుర్రల జర అక్కల్ తక్కువ. ఒట్టు పెట్టించుకో. తప్పిండంటే నా కొడుకులున్నరు."

పెద్దకొడుకు మెడ అటూ ఇటూ విరిచాడు. నేను గబగబా చెయ్యి చాచాను.

"సగం ధర సరుకు గడప దాటనివ్వను. అరటిపండు పచ్చగా ఉంటేనే కొంటాను."

"మరి బ్రెడ్డు?" అంది వసుంధర.

"ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే తప్ప కొనను."

"జ్వరం వచ్చిందని అబద్ధమాడితే? మీకు అలవాటేగా."

నేను బుర్ర గోక్కున్నాను. వసుంధర నా వైపు చూసింది. ఆఖరి బజ్జీ నాడు నవ్విన నవ్వే మళ్ళీ నవ్వింది. "సరే, దానికి ఉపాయం నేను చూసుకుంటాను" అంది. ఆ తర్వాత అందరం డబల్ కా మీఠా తిన్నాం. పార్వతీశంగారు నాలుగు పళ్ళేలు తిని, ఐదోది కాగితంలో కట్టించుకున్నారు.

మూడు నెలలకి పెళ్ళయింది. వసుంధర కాపురానికి వస్తూ పెట్టెలో పట్టుచీరల మధ్య ఒక థర్మామీటరు తెచ్చుకుంది. పూర్తి ధరకి కొన్నదట, రశీదు కూడా చూపించింది.

కనక పాఠకమహాశయులారా, మీ సాక్షిగా మరోసారి ప్రమాణం చేస్తున్నాను. పావు ధరకి కాదు కదా, ఊరికే ఇచ్చినా పాతబ్రెడ్డు ముట్టను. ఇందాక ఆబిడ్స్ వైపు వెళ్ళొస్తానని చేతిసంచి తీసుకున్నాను. మా ఆవిడ నా నోట్లో థర్మామీటరు పెట్టింది. తొంభై ఎనిమిదిన్నర. చేతిసంచి మళ్ళీ కొక్కేనికి తగిలించాను.