నీళ్ళ అప్పగింత

మా పిన్ని నీళ్ళను ఊరికే వదిలి కదలదు. ఈతకొలనులోవైనా, బకెట్లోవైనా, ఆఖరికి పిల్లి తాగే చిప్పలోవైనా సరే, పక్కనున్న మనిషికి నోటితో అప్పజెప్పాలి. ఆ మనిషి నోటితో "తీసుకున్నాను" అనాలి. అప్పుడే ఆవిడ అక్కణ్ణుంచి అడుగు తీస్తుంది. తలూపితే చెల్లదు. "ఊఁ" అంటే అసలే చెల్లదు.

పిన్ని తన ఇంట్లోనే డేకేర్ నడుపుతుంది. ఉద్యోగాలకు వెళ్ళే తల్లిదండ్రులు పొద్దున్నే పిల్లల్ని దింపి సాయంత్రం తీసుకెళ్తారు. ఆ ఇల్లు కొన్నప్పుడు పెరట్లో ఈతకొలను కూడా ఇంటితోపాటే వచ్చింది. బాబాయి దాన్ని చూసి మురిసిపోయాడు. పిన్ని దాన్ని చూసి తిండి మానేసింది. చుట్టూ కంచె పడ్డాకే మళ్ళీ కంచం ముందు కూర్చుంది.

కంచెకు ఒకటే గేటు. తెరిచి వదిలేస్తే దానంతటదే ఠప్పున మూసుకుంటుంది. గడియ పెద్దవాళ్ళ చేతికే అందుతుంది. కంచె పక్కన కుర్చీ గానీ, పూలకుండీ గానీ, ఎక్కి నిలబడటానికి పనికొచ్చే వస్తువేదీ ఉండకూడదు. ఒకసారి బాబాయి అక్కడ పడక్కుర్చీ వేసుకుని పేపరు చదవబోయాడు. పిన్ని కుర్చీ లాగేసింది. సరేలెమ్మని ఆయన నేలమీదే పడుకున్నాడు.

"మీరు కూడా ఇవతలకి జరగండి," అంది పిన్ని.

"నేనేం చేశానే?"

"మీ బొజ్జ మీదకెక్కితే బుడ్డోడికి గడియ అందుతుంది."

పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ గట్టుమీద ఒక మనిషి నీళ్ళనే చూస్తూ కూర్చోవాలి. ఫోను లేదు, కబుర్లు లేవు, ఆకాశం వంక చూడటం కూడా లేదు. ఆ మనిషి మారేటప్పుడు అప్పగింత జరుగుతుంది. పిన్ని దగ్గర పనికి చేరిన కొత్తలో నాకు ఇదొక పెద్ద పరీక్షలా ఉండేది.

"నీళ్ళు నీకప్పజెప్పాను."

"తీసుకున్నాను పిన్నీ."

"ఎవరెవరున్నారు?"

"బుడ్డోడు, కవలలు, బుగ్గలమ్మాయి, ఏడుపుగొట్టు."

"వాడు ఈమధ్య ఏడవటం లేదు. ఇంకో పేరు చూడు."

ఇదంతా కొలను దగ్గరే ఆగితే బాగుండేది. బాబాయి స్నానం చేసి బయటికి రాగానే పిన్ని తలుపు దగ్గర ఎదురయ్యేది. "బకెట్ ఎవరికప్పజెప్పారు?" "ఎవరికీ లేదు. ఖాళీ చేసి బోర్లించాను." "అలా చెప్పండి మరి." ఇంటికొచ్చిన చుట్టాలు దాహమేసినా మంచినీళ్ళు అడిగేవారు కాదు. గ్లాసు అందుకుని "తీసుకున్నాను" అనకపోతే పిన్ని ఆ గ్లాసు వదిలేది కాదు. ఆవిడ ఒక కొసా, చుట్టం ఒక కొసా పట్టుకుని నిలబడేవారు.

పిన్నికి లోకంలో ఎవరిమీదా నమ్మకం లేదని బాబాయి అనేవాడు. నాకూ అలాగే అనిపించేది. ప్రతిసారీ దొంగని పట్టుకున్నట్టు అడుగుతుందేమిటని లోపల ఉడుక్కునేదాన్ని కూడా.

ఆ ఏడు డేకేర్‌కి అనుమతి మళ్ళీ తెచ్చుకోవాల్సి వచ్చింది. తనిఖీ అధికారి ముందుగా చెప్పి రాడు. ఈతకొలను ఉన్న ఇళ్ళంటే ఆయనకు గిట్టదని, పక్క వీధిలో ఒకావిడ ఫోను చూస్తూ కాపలా కూర్చుందని డేకేరే మూయించాడని చెప్పుకునేవారు. మాదీ మూతపడితే నా ఉద్యోగం, నాతోపాటు పనిచేసే బొమ్మలక్క ఉద్యోగం పోతాయి. అంతకన్నా నాకు పిన్ని గురించే బెంగగా ఉండేది. పిల్లలు లేని ఇంట్లో ఆవిడ నీళ్ళు ఎవరికి అప్పజెబుతుంది?

బొమ్మలక్క చిరిగిన మేజోళ్ళతో పిల్లలకు బొమ్మలు కుడుతుంది, అందుకే ఆ పేరు. ఆ వారం వాళ్ళ చంటిదానికి జ్వరం. అక్క కళ్ళు గుంటలు పడ్డాయి. ఇంటికి వెళ్ళమని పిన్ని చెప్పి చూసింది.

"మా అత్త చూసుకుంటోందిలే అక్కా. నేను లేకపోతే ఇక్కడ మీకు చేతులు చాలవు," అని ఆవిడ కదల్లేదు.

నేను లోపల పసివాళ్ళను నిద్రపుచ్చుతుంటే గంట మోగింది. తలుపు తీస్తే తనిఖీ అధికారి. ముందు ఈతకొలను చూపించమన్నాడు. పెరట్లోకి తీసుకెళ్ళాను. కంచె దాకా వెళ్ళి లోపలికి చూశాను. నీళ్ళలో పిల్లలున్నారు. గట్టుమీద కుర్చీలో బొమ్మలక్క, నోరు తెరుచుకుని, గాఢనిద్రలో ఉంది.

"ఈవిడేనా కాపలా?" అన్నాడాయన, జేబులోంచి కలం తీస్తూ.

"కాస్త మెల్లిగా మాట్లాడండి," అని అవతలి గట్టునుంచి వినపడింది.

పిన్ని. కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చుంది. మోచేతుల దాకా గిన్నెలు తోమిన నురగ. మావైపు తల కూడా తిప్పలేదు.

"కాపలా నేనండీ. నీళ్ళు నా దగ్గరున్నాయి. ఆవిడ దగ్గరున్నది నిద్ర."

"ఎప్పుడు మారారు?"

"వంటింటి కిటికీలోంచి చూశాను. నిద్ర ఆపుకోవటానికి తొడ గిల్లుకుంటోంది పిచ్చిది. గిన్నెలు వదిలేసి పరిగెత్తుకొచ్చి, నీళ్ళు నాకిచ్చెయ్, నువ్వు పడుకో అన్నాను. ఇచ్చాను అని చెప్పాకే కళ్ళు మూసింది."

కవలలిద్దరూ అవునని తలలూపారు. మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడటం లేదని అప్పుడు గమనించాను. అక్క లేవకుండా పిన్ని వాళ్ళందరినీ చేపల్ని చేసింది. చేపలు మాట్లాడవట. బుడ్డోడు బుగ్గలు పూరించి, నోరు సున్నాలా పెట్టి, చప్పుడు లేకుండా నీళ్ళు కొడుతున్నాడు.

పిన్ని మాకు నీళ్ళు అప్పజెప్పడమే ఇన్నాళ్ళూ లెక్కలోకి తీసుకున్నాను. మా చేతుల్లోంచి తీసుకోవడం గురించి ఆలోచించనే లేదు. నాకు తలనొప్పిగా ఉన్నప్పుడూ, ఇంటినుంచి ఏదో కబురొచ్చి మనసు బాగోలేనప్పుడూ వచ్చి పక్కన నిలబడేది. ఏమైందని అడిగేది కాదు. "నీళ్ళు నాకిచ్చెయ్" అనేది. ఎవరి మొహం ఎలా ఉందో ఆవిడకు ఎప్పుడూ తెలుసు. మా మీద ఆవిడకున్నది అపనమ్మకమని ఎలా అనుకున్నానో, నాకే సిగ్గేసింది.

అధికారి కంచె ఎత్తు చూశాడు. బోర్లించిన బకెట్లు చూశాడు. ఆఖరికి గేటు దగ్గర ఆగాడు.

"ఇది దానంతటదే మూసుకోవాలి. తెరిచి వదిలి చూడాలి," అన్నాడు, గొంతు తగ్గించి.

"చూడండి. కానీ ఠప్పుమంటుంది. ఆవిడ లేచాక చూద్దురుగాని."

"నాకింకా వేరేచోటికి వెళ్ళాల్సిన పనుందమ్మా."

"వెళ్ళిరండి. గేటెక్కడికీ పోదు."

ఆయన గేటు వంక చూశాడు. కుర్చీలో తల వాల్చేసిన మనిషి వంక చూశాడు. ఏమనుకున్నాడో, వెళ్ళి వసారా మెట్టుమీద కూర్చున్నాడు. పిల్లలు నీళ్ళలోంచి బయటికొచ్చి, తువ్వాళ్ళు చుట్టుకుని, గట్టుమీద వరసగా చేపల్లాగే కూర్చున్నారు.

చాలాసేపటికి బొమ్మలక్క కళ్ళు తెరిచింది. ఎదురుగా కలం పట్టుకున్న పెద్దమనిషి. కంగారుగా లేచి నిలబడింది.

"అక్కా, నీళ్ళు..."

"నా దగ్గరే ఉన్నాయి. ముందు ఇంటికి ఫోన్ చేసి జ్వరం తగ్గిందేమో కనుక్కో."

అధికారి లేచి వచ్చి గేటు తెరిచి పట్టుకున్నాడు.

"నిద్ర సరిపోయిందా అమ్మా? ఇక వదలమంటారా?"

ఏమిటో అర్థంకాక బొమ్మలక్క తలూపింది. ఆయన వదిలాడు. గేటు ఠప్పున మూసుకుంది. అంతసేపు నోళ్ళు కట్టేసుకున్న చేపలన్నీ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టాయి. ఆ గోలలోనే, గేటుకే కాగితం ఆనించి, ఆయన అనుమతి మీద సంతకం పెట్టాడు.