చిన్నాయన పాడిన రెండు ప్లేట్లు

మా చిన్నాయన పోయాడన్న కబురు మోత్కూర్ బస్సు కండక్టరు నోట విన్నాను. నల్లగొండలో నేను పాఠాలు చెప్పే బడి ముందు బస్సు ఆపించి, మెట్టు మీద నిలబడే చెప్పాడు. "పాటల సారు పోయిండమ్మా. పొద్దుగాల్నే. మీ అవ్వ నిన్ను తోల్కరమ్మంది, ఎక్కు." చేతిలో సుద్దముక్కతోనే ఎక్కాను.

వారం తర్వాత మా చర్చి సంఘం పత్రికలో రెండు వాక్యాలు వచ్చాయి. మిషన్ దవాఖానలో కంపౌండరుగా నమ్మకంగా పనిచేశాడనీ, కొంతకాలం పాటల బృందాన్ని నడిపాడనీ. ఆ బృందం తోడు లేకుండా ఒక్కడే మద్రాసుకు పోయి, నాలుగు పాటలు పాడి, రెండు గ్రామఫోన్ ప్లేట్లు తెచ్చిన సంగతి అందులో లేదు. మరిచిపోయి వదిలేసింది కాదు. అందుకే ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నానని ముందుగా ఒప్పుకుంటాను.

ఆయన్ని దవాఖానలో చూసినవాళ్లే ఎక్కువ. మోతాదు గుర్తుగా దగ్గుమందు సీసాకు అంటించే కాగితపు పట్టీని కత్తెరతో పళ్లు పళ్లుగా కత్తిరిస్తూ పాడుకునేవాడు. పాట నడక మారితే పళ్ల ఎడమూ మారేది. ఒక ముసలాయన సీసా పట్టుకుని తిరిగొచ్చాడు ఒకసారి. "కంపౌండరయ్యా, తొలి గుటక బారెడు పెట్టినవ్, రెండోది బెత్తెడు పెట్టినవ్. నాతోని పరాశికమా?" చిన్నాయన నవ్వి వేరే పట్టీ కత్తిరించి ఇచ్చాడు. "పాటైనా మందైనా మొక్కుబడికి మింగితే పనిచెయ్యది బిడ్డా" అనేవాడు నాతో.

పాటల బృందానికి పన్నెండేళ్లు ఆయనే పెద్ద. హార్మోనియం, పాత రాగాలు, నిద్ర పట్టేంత నెమ్మది. ఒక మిషనరీ తన దేశానికి తిరిగి పోతూ ఆయనకు గిటారు ఇచ్చి పోయాడు. రేడియోలో ఇంగ్లీషు కుర్రవాళ్లు గిటారును దబదబ బాదుతూ పాడే పాటలు విని, "గీ ఉరుకుడు మన ప్రభువు పాటలల్ల ఎందుకుండొద్దు?" అనేవాడు. ఆ ఉరుకుడు మన దగ్గర డప్పులో ఉందని ఆయనకు తోచింది. చిక్కంతా అక్కడ మొదలైంది.

మా వాడలో డప్పును ఎవరూ వాయిద్యమని అనుకోరు. మా తాత రోజుల్లో దొర గడీలో చావైనా, పెండ్లైనా పిలుపు వస్తే కంచంలో చెయ్యి కడుక్కుని పోయి కొట్టవలసిందే. రానని అనే నోరు లేదు. బాప్తిస్మం తీసుకున్న రోజున మా వాడ మగవాళ్లంతా డప్పుల తోలు కోసి, చెక్క చట్రాలను మంటలో వేశారట. ఆ తర్వాత మా వాడలో డప్పు మోగలేదు, చర్చిలో అసలే మోగలేదు.

తాతకు గడ్డిమంట మీద డప్పు కాపి ఇచ్చింది మా అవ్వే, మా నాయన తల్లి. సెగకు తోలు బిగిస్తేనే దెబ్బ పలుకుతుంది. ఎంతసేపు కాపాలి, ఏ దెబ్బ ఎక్కడ ఆగాలి అన్నది ఎరిగిన మనిషి మా ఇంట్లో ఆమె ఒక్కతే మిగిలింది. మద్రాసు పోయే ముందు చిన్నాయన ఆమె మంచం కోడు దగ్గర కూర్చున్నాడు. తల్లిని ఆయనా అవ్వా అనే పిలిచేవాడు.

"జర చెప్పు అవ్వా. నాయిన దెబ్బ ఎట్లుండె?"

"నాకు యాదికి లేదు."

"నా పెండ్లిల ఎవలు అలిగిండ్రో యాదికున్నది, గిది లేదా?"

"లేదంటి గద. మీ నాయిన దాన్ని మంటలేసిండు. గా మంట ఊదింది నేను. మల్ల నన్నే అడుగుతవా?"

ఆయన మళ్లీ అడగలేదు. పక్క ఊరి నుంచి ఒక డప్పు సంపాదించి రైలెక్కాడు. పాట పట్టే గదిలో గడ్డి అంటిస్తానంటే అక్కడివాళ్లు దండం పెట్టారట. సముద్రపు తేమకు తోలు మెత్తబడింది. వాళ్ల మనిషి ఒకాయన ఎట్లాగో దాన్ని వాయించాడు. "పాట నాదే, గొంతు నాదే. దెబ్బ ఒక్కటి కిరాయిది" అన్నాడు చిన్నాయన తిరిగొచ్చి. అయినా ప్లేటు కవరు మీద డప్పు కొట్టినాయన పేరు లేకుండా తన పేరు ఒక్కటే అచ్చయి ఉండటం చూసుకుని, రెండు రోజులు సిగ్గుతో ఎవరి మొహమూ చూడలేదు.

మీలో ఎవరైనా హైదరాబాదు పోతూ చౌటుప్పల్‌లో చాయ్ తాగి ఉంటే ఆ ప్లేట్లలో మొదటి పాట మీ చెవిన పడే ఉంటుంది. అక్కడి హోటలాయన సినిమా పాటల నడుమ దాన్ని వేసేవాడు. అది ఎవరిని స్తుతించే పాట అన్నది ఆయనకు పట్టలేదు. లారీ డ్రైవర్లు "గా ఉరికే పాట ఎయ్యి సేటూ" అని అడిగి వేయించుకునేవారు. చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని పోయి, తానెవరో చెప్పకుండా మూలబల్ల దగ్గర కూర్చుని రెండు చాయ్‌లు తాగాడు.

"మనోళ్లు గూడ ఒక్కసారి ఇంటే సాలు బిడ్డా" అన్నాడు. "కోతపండుగ నాడు, మన చర్చిల. మెచ్చకున్నా సరే."

ఆయన అడిగింది అంతే. దానికోసం సంఘం కూర్చుంది. పాటలో భక్తికి లోటు లేదనీ, వాయిద్యం సంగతి పెద్దలు తేల్చాలనీ పాస్టరుగారు మెత్తగా చెప్పి తప్పుకున్నారు. పెద్దలు తలలు వంచుకుని కూర్చున్నారు. నాకది బి.ఏ. చివరి ఏడు. చదువు నోట్లోంచి పొంగి పొర్లుతున్న రోజులు. లేచి నిలబడ్డాను. తోలుకూ చెక్కకూ పాపం అంటుకోదని చెప్పాను. అక్కడితో కూర్చుని ఉంటే ఏమయ్యేదో తెలియదు. కూర్చోలేదు.

"మా తాత గడీ ముంగట డప్పు కొట్టినోడే. మా అవ్వ కాపి ఇచ్చినామెనే. అందుల సిగ్గేంది? దాసుకునుడే సిగ్గు."

ఆడవాళ్ల వరుసలోంచి అవ్వ లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయింది. సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. "పట్నంల సదివిన పోరి మనకు డప్పు నేర్పుతాంది. మంచిదే బిడ్డా, కొలువు దొర్కకపోతే ఊర్ల సాటింపు ఏద్దువు గని." అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ప్లేట్ల సంగతి తేలిపోయింది. కోతపండుగకు వేయలేదు. పాటల బృందాన్ని ఇంకొకరికి అప్పగించారు.

ఇంటికి వస్తూ నేనే ఏడ్చాను. వాళ్లకు బుద్ధి లేదన్నాను.

"బుద్ధి లేక కాదు" అన్నాడు చిన్నాయన. "గా సప్పుడింటే వాళ్లకు గడీ యాదికొస్తది. నాకు రాదు, నేను కొట్టలే గద. నీకైతే అసలే తెల్వది."

"తెలిసి మరి నువ్వెందుకు పాడినవ్?"

"మంచిగుంటది గనుక."

ఇదేం జవాబు? అప్పుడూ ఇదే అనుకున్నాను, ఇప్పుడూ ఇదే అనుకుంటున్నాను. నామీద ఒక్కసారి కేకలు వేసినా బాగుండేది. వేయలేదు. ఆ తర్వాత రెండేళ్లు ప్రతి ఆదివారం చివరి చాప మీద కూర్చున్నాడు. పాట మొదలవగానే కండ్లద్దాలు తీసి, పాట అయ్యేదాకా వంచిన తల ఎత్తకుండా తుడుచుకునేవాడు. ఆయన పాడటం లేదన్నది ఎవరికీ కనపడకుండా అదొక ఏర్పాటు.

సమాధికి తీసుకుపోయే ముందు నేను పాస్టరుగారిని అడిగాను, ఇంటి ముందు ఒక్క పాట వేయనివ్వమని. ఆయన సంఘపెద్ద వైపు చూశారు. ఈసారి సంఘపెద్ద నవ్వలేదు. "ఇయ్యాల వద్దు తల్లీ" అన్నాడు. "పీనుగ ముంగట గా సప్పుడు... నేను శానా కొట్టిన." తన అరచేతుల వైపు చూసుకున్నాడు. నాకు అర్థమైంది. అర్థమైనా కోపం తగ్గలేదు. కొత్త బృందం ఎప్పటి నెమ్మదితోనే పాడి, మా చిన్నాయనను మట్టిలో దించింది.

మూడోరోజు మధ్యాహ్నం చుట్టాలు వెళ్లిపోయాక అవ్వ నన్ను పిలిచింది. "గా ప్లేటు ఎయ్యి." అప్పటిదాకా ఆమె దాన్ని ఒక్కసారీ విననేలేదు. గ్రామఫోనుకు కీ ఇచ్చి మొదటి పాట పెట్టాను. కొడుకు గొంతు వినగానే ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నొసలు చిట్లించింది.

"కాపలే" అంది.

"ఏంది అవ్వా?"

"డప్పు. కాపకుంటనే కొడుతున్నరు. తడిబట్ట మీద కొట్టినట్టున్నది. గింత మాట గూడ వానికి ఎవలు చెప్పలేదా?"

అనకూడని మాట నా నాలుక చివరే ఉంది. ఆమెకే తట్టినట్టుంది. ఆగిన ప్లేటు వైపు చూసి, "మల్ల ఎయ్యి" అంది.

మళ్లీ పెట్టాను. పల్లవి దాటాక ఒకచోట దెబ్బ తప్పుతుంది. అన్నిసార్లు విన్నా నాకది అప్పటిదాకా తెలియనే లేదు. అక్కడికి రాగానే అవ్వ కుడిచెయ్యి మోకాలి మీంచి లేచింది, దెబ్బకు పుల్ల ఎత్తినట్టు వేళ్లు బిగుసుకుని. పాట ముందుకు పోయింది. మూడోసారి, నాలుగోసారి వేయించుకుంది. ప్రతిసారీ సరిగ్గా అక్కడే ఆ చెయ్యి లేచేది. నాలుగోసారి ప్లేటు అయిపోయి ముల్లు ఉత్తగా గీరుతున్నా అది గాలిలోనే ఉంది, చెంగు జారిన మోచేయి కిందికి దిగకుండా.