స్టాపు లేని మలుపు

గడియారం గారికి ఆ పేరు డిపోలో పెట్టారు. ముప్పై ఒక్క ఏళ్ళు కొండ మీదికి బస్సు నడిపి, ఏనాడూ రెండు నిమిషాలు ఆలస్యం చేయని మనిషి. ఎక్కాల్సినవాడు చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తున్నా సరే, కండక్టర్ "రైట్" అన్నాడంటే ఇక దేవుడు దిగొచ్చినా బండి ఆగదు. "హోల్డాన్" అంటే మాత్రం ఎక్కడైనా ఆగుతుంది. ఆ రెండు మాటల మధ్యే ఆయన బతుకు నడిచింది. మిగతా మాటలన్నీ ఆయనకి దండగ.

పెళ్ళయిన కొత్తలో భార్య ఒకసారి ఆ బస్సెక్కింది. కొండ సగంలో ఒక మలుపు దగ్గర జలపాతం కనబడితే, "ఒక్క నిమిషం ఆపండి, చూసి వచ్చేస్తాను" అంది. "ఇక్కడ స్టాపు లేదు" అన్నాడు, తల తిప్పకుండా. కట్టుకున్న పెళ్ళాంతో అనే మాటేనా అది? ఆవిడ కిటికీలోంచి మెడ తిప్పి, జలపాతం కనుమరుగయ్యేదాకా చూసింది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు టైలర్లకి చొక్కాల కాజాలు కుడుతూ, ఏడాదికోసారైనా "ఆ మలుపు ఎలా ఉందో" అంటూ వచ్చింది. దెప్పడం కాదు, ఊరికే అడగడమే. ఆయనకి అదే ఎక్కువ గుచ్చుకుంది.

రిటైరయ్యాక బుద్ధి పుట్టింది మహానుభావుడికి. ఒక బేకరీ వాళ్ళు వదిలించుకున్న పాత వ్యాను తెచ్చి, లోపల మంచం బిగించి, స్టవ్వు అమర్చి, కిటికీలకి ఆవిడ చేతే తెరలు కుట్టించాడు. "నీ మలుపు దగ్గర ఆపుతాను. ఇష్టం వచ్చినంతసేపు చూద్దువుగాని" అని మాటిచ్చాడు. ఇచ్చి ఊరుకున్నాడా, తలుపుకి టైంటేబుల్ అంటించాడు. అందులో ఆవిడ మలుపుకి పది నిమిషాలు రాసి ఉంది.

మండుటెండల్లో బయల్దేరారు. రేకు వ్యాను పెనంలా కాలుతోంది, ఎన్నిసార్లు కడిగినా పోని బన్నుల వాసన ఒకటి. ఇంజను వేడెక్కితే ఆపి నీళ్ళు పోశాడు. అసలు తిరకాసు అప్పుడు బయటపడింది. బండి ఎక్కి కూర్చున్నాడేగాని, గేరు మీద పెట్టిన చెయ్యి కదలదు.

"ఏమైంది?" అంది ఆవిడ.

"నువ్వు రైట్ అనాలి."

హాస్యమేమోనని ఆయన ముఖంలోకి చూసింది. కాదు. "రైట్" అంది. బండి కదిలింది. అంతకాలం కాపురంలో తన మాట మీద ఏదైనా కదలడం ఆవిడకి అదే మొదటిసారి.

మలుపు రానే వచ్చింది. అప్పటికే ఇరవై నిమిషాలు లేటని ఆయన గింజుకుంటున్నాడు.

"ఏమండీ, ఇదే. ఆపండి" అంది. ఆగలేదు. "ఆపండి" అంది మళ్ళీ. స్టాపు లేనిచోట ఆపమనేవాళ్ళ గోల విని విని, ఆ మాట ఆయన చెవికెక్కడం ఎప్పుడో మానేసింది. మలుపు అద్దంలోకి వెళ్ళిపోయింది. ఆవిడకి ఏడుపొచ్చింది, దాని వెంటే ముప్పై ఏళ్ళుగా దాచుకున్న కోపం వచ్చింది. గుండెల నిండా ఊపిరి తీసుకుని, "హోల్డాన్" అంది.

ఆయన్ని అడక్కుండానే కాలు బ్రేకు తొక్కేసింది.

ఆవిడ దిగి, వ్యాను పక్కరేకు మీద చేత్తో చరుస్తూ, "రానీ, రానీ" అంటూ బండిని మలుపు దాకా వెనక్కి రప్పించింది. తీరా చూస్తే జలపాతం లేదు. బండ మీద నల్లటి చార ఉంది, అంతే.

"ఎండాకాలం కదా" అని ఆయన నీళ్ళు నమిలాడు. అక్కడున్న నీళ్ళు అవే.

"రోజూ ఇటేగా వచ్చారు. ఎండాకాలంలో జలపాతం ఉండదని తెలీదా?"

"నేనెప్పుడు చూశాను, రోడ్డు చూసుకునేవాణ్ణి." ఆ మాట అనేశాక ఆయనకే సిగ్గేసింది.

ఆవిడ చెప్పులు విడిచి, పిట్టగోడ మీద కూర్చుని, కింద లోయకేసి చూస్తోంది. ఆయన వెళ్ళి సీట్లో కూర్చున్నాడు. పది నిమిషాలయ్యాయి. పావుగంటయింది. హారన్ మీద వేలు పెట్టీ పెట్టనట్టు నొక్కాడు.

"వెళ్దామా?"

"నేను రైట్ అన్నానా?" అంది ఆవిడ, తల తిప్పకుండా.

"లేదు" అని ఒప్పుకుని, గేరు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు గడియారం గారు.